ఊడితే ఏమవుతుంది, ఊడకపోతే ఏమవుతుంది: స్కూబా సామాన్లకు ఏ కొక్కెం, ఏ తాడు?

విశాఖలో ఒకసారి సిలిండర్ తగిలించుకుని పడవ అంచున కూర్చున్నాను. ఎడమ వైపు గేజ్ (సిలిండర్‌లో గాలి ఎంతుందో చూపే మీటరు) ఒక రిట్రాక్టర్‌కి (లాగితే సాగి, వదిలితే వెనక్కి చుట్టుకునే తీగ డబ్బాకి), కుడి వైపు టార్చి ఇంకో రిట్రాక్టర్‌కి వేలాడుతున్నాయి. మణికట్టుకి కెమెరా, నడుముకి రాసుకునే పలక, పిక్కకి కత్తి, వెనక ఎక్కడో చుట్టి పెట్టిన మార్కర్ బూయీ, అంటే మనం ఎక్కడున్నామో పడవలకు తెలిసేలా గాలి నింపి పైకి వదిలే సంచి. పడవ నడిపే పెద్దాయన నన్ను ఎగాదిగా చూసి, "ఏటి బాబూ, గంగిరెద్దునాగ ముస్తాబయ్యావు?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఇరవై నిమిషాల తర్వాత, 14 మీటర్ల లోతులో నవ్వు రాలేదు. పాత వల ముక్క ఒకటి రాయికి చుట్టుకుని ఉంది. పక్క నుంచి వెళ్తుంటే టార్చి రిట్రాక్టర్ తీగ అందులో తగులుకుంది. లాగితే తీగ సాగుతోంది, వదిలితే వలని వెంటబెట్టుకుని నా మీదకే వస్తోంది. అది స్టీలు తీగ, కత్తికి తెగదు. పైగా కత్తి పిక్క దగ్గర ఉంది. బడ్డీ (జతగా దిగిన తోటి డైవర్) వచ్చి విడదీశాడు. రెండు నిమిషాల పనే, కానీ ఆ టెన్షన్‌లో నేను పీల్చిన గాలి మామూలుగా ఐదు నిమిషాలకు సరిపోతుంది.

అప్పటి నుంచి ఒంటి మీద తగిలించే ప్రతి వస్తువు గురించీ రెండు ప్రశ్నలు వేసుకుంటున్నాను. ఇది దానంతట అది ఊడిపోతే ఏమవుతుంది? నేను ఊడదీయాలనుకున్నప్పుడు ఊడకపోతే ఏమవుతుంది? టార్చి ఊడిపోతే కొన్ని వేల రూపాయలు పోతాయి. ఆక్టోపస్ (ఎదుటివాళ్లకి ఇవ్వడానికి ఉంచుకునే అదనపు రెగ్యులేటర్, అంటే నోట్లో పెట్టుకుని గాలి పీల్చే పరికరం) ఊడకపోతే గాలి అయిపోయిన మనిషి ప్రాణం మీదకు వస్తుంది. ఈ రెండింటినీ ఒకే రకం కొక్కేనికి తగిలించడం ఎలా కుదురుతుంది? అందుకే "ఏ క్లిప్పు బెస్టు?" అని షాపులో అడిగితే పనికొచ్చే జవాబు దొరకదు.

## కొనే ముందు ఏం చూడాలి

మొదటిది, అన్నింటికంటే ముఖ్యమైనది, పైన చెప్పిన ఊడే తీరు. ఆ లెక్కన సామాన్లు మూడు గుంపులవుతాయి. లాగగానే ఊడి రావాల్సినవి: ఆక్టోపస్, కత్తి. మీరు కావాలని తీస్తే తప్ప ఊడకూడనివి: కెమెరా, టార్చి, బూయీకి కట్టే దారపు స్పూలు. ఈ రెండింటికీ మధ్యలో గేజ్ ఉంది. అది ఊడినా ఎక్కడికీ పోదు, గొట్టం చివరే ఉంటుంది. కాకపోతే కిందకు వేలాడి ఇసుకలో ఈడ్చుకుంటూ వస్తుంది.

రెండోది, చూడకుండా ఒంటి చేత్తో తీయగలగాలి. మాస్కు పెట్టుకుంటే మీ ఛాతీ మీద ఉన్న డి-రింగే (కొక్కేలు తగిలించే D ఆకారపు లోహపు రింగు) మీకు కనిపించదు. ఒక చెయ్యి ఎప్పుడూ దేనికో ఒకదానికి కావాలి. గదిలో కళ్లు మూసుకుని చేయలేని పని నీళ్లలో అసలే చేయలేరు.

మూడోది, ఇరుక్కుంటే కోయగలగాలి. లోహపు కొక్కేన్ని లోహపు రింగుతో నేరుగా వస్తువుకి బిగిస్తే, మధ్యలో కోయడానికి ఏమీ ఉండదు. ఎక్కడో ఒక చోట తాడు ఉండాలి. ఇది గుహల్లో డైవ్ చేసేవాళ్ల దగ్గర పుట్టిన నియమం. వలలు తిరిగే మన తీరానికి ఇంకా బాగా నప్పుతుంది.

తర్వాత వేలాడటం. నీళ్లు గాలి కంటే సుమారు 800 రెట్లు చిక్కన. వేగం రెట్టింపయితే నీళ్ల నిరోధం నాలుగు రెట్లవుతుంది. పక్కకు పొడుచుకొచ్చిన ప్రతి వస్తువూ బ్రేకు వేసినట్టే, ఆ బిల్లు మీ సిలిండరే కట్టాలి. దీనికంటే నాకు బాధ కలిగించేది పగడాలకు తగిలే దెబ్బ. గట్టి పగడాలు మన వన్యప్రాణి సంరక్షణ చట్టంలో షెడ్యూల్ 1 లో ఉన్నాయి. పులి ఉన్నదీ ఆ షెడ్యూల్‌లోనే. చేత్తో విరవనివాళ్లు కూడా వేలాడే గేజ్‌తో రోజుకి నాలుగు కొమ్మలు విరుస్తారు, వెనక్కి తిరిగి చూడరు కాబట్టి వాళ్లకు తెలియదు.

ఇవి కాక ఉప్పునీటికి తట్టుకోవడం, మీ పద్ధతి బడ్డీకి అర్థమవడం చూసుకోవాలి. ధర గురించి ఎక్కువ ఆలోచించకండి. అండమాన్ టికెట్ ముందు ఈ కొక్కేల ఖర్చు ఓ మూలకి రాదు.

## బోల్ట్ స్నాప్

కుక్క మెడ గొలుసు చివర కొక్కెం చూసే ఉంటారు. బొటనవేలితో చిన్న బొడిపెను వెనక్కి జరిపితే నోరు తెరుచుకుంటుంది, వదిలితే స్ప్రింగు మూసేస్తుంది. అదే బోల్ట్ స్నాప్. దీని గొప్పదనం ఆ బొడిపెలోనే ఉంది. దాన్ని వెనక్కి జరపాలంటే వేలు కావాలి. వల, తాడు, పక్కవాడి గొట్టం వచ్చి నొక్కినా నోరు తెరవదు. దానంతట అది ఊడటం చాలా అరుదు, కావాలనుకున్నప్పుడు ఒంటి చేత్తో వస్తుంది.

స్టీల్లో 316 రకం తీసుకోండి. అందులో మాలిబ్డినం ఉంటుంది, ఉప్పునీటిలో తుప్పు ఆలస్యంగా పడుతుంది. 304 రకం కూడా పనిచేస్తుంది, కానీ కడగడంలో బద్ధకిస్తే చుక్కలు చుక్కలుగా మచ్చలు వస్తాయి. ఇత్తడి మీద మెరుపు పూత వేసినవి చవక. పూత లేచిపోతుంది కానీ కొన్నాళ్లు పనిచేస్తాయి. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో తాళంచెవుల గొలుసులకి అమ్మే తేలికపాటి కొక్కేలు మాత్రం వద్దు. వాటి లోపలి స్ప్రింగు మామూలు ఇనుపది, మూడో డైవ్‌కే బిగుసుకుపోతుంది. ప్రయోగం చేశాను కాబట్టి చెబుతున్నాను.

సైజు విషయంలో జనం అటో ఇటో పోతారు. గేజ్‌కీ టార్చికీ మూడు, మూడున్నర అంగుళాలది చాలు. మరీ చిన్నది తీసుకుంటే బొడిపె వేలికి చిక్కదు. మందపాటి గ్లవుజులకు పెద్ద బొడిపె ఉన్నవి వస్తాయి. 26 నుంచి 30 డిగ్రీల అండమాన్ నీళ్లలో వాటి అవసరం రాదు.

రెండు వైపులా నోరున్నవి కూడా ఉన్నాయి, డబుల్ ఎండర్ అంటారు. స్పూలుని పట్టి ఉంచడానికీ, జేబులో వస్తువుల్ని లోపలి తాడుకి తగిలించడానికీ దాన్ని మించింది లేదు. ఏ యాత్రకి వెళ్లినా ఒకటి అదనంగా పెట్టుకుంటాను, ప్రతిసారీ ఎవరో ఒకరు అడిగి తీసుకుంటారు, తిరిగి రాదు.

కట్టే పద్ధతి: రెండు మిల్లీమీటర్ల అల్లిక నైలాన్ తాడు తీసుకుని, స్నాప్ కన్నంలోంచి దూర్చి, గేజ్ దగ్గర గొట్టం చుట్టూ నాలుగైదు చుట్లు బిగించి, రెండు ముళ్లు వేసి, చివరలను లైటర్‌తో కరిగించాలి. ప్లాస్టిక్ జిప్ టై వాడేవాళ్లు ఉన్నారు. అది ఎండకి పెళుసెక్కి, చెప్పకుండా విరుగుతుంది. వలలు, తాళ్లు అమ్మే దుకాణంలో మంచి నైలాన్ తాడు దొరుకుతుంది.

## గేటు కొక్కేలు, కారబైనర్లు

ట్రెకింగ్ సంచికి తగిలించే కారబైనర్ ఇంట్లో ఉంది కదా అని తెచ్చేస్తారు. దాని తలుపు లోపలికి తోస్తే తెరుచుకుంటుంది. అంటే తోసేది మీ వేలే కానక్కర్లేదు. తాడు వచ్చి ఒత్తినా తెరుచుకుని, ఆ తాడుని లోపలికి తీసుకుని, మళ్లీ మూసుకుంటుంది. మీకు తెలియకుండానే మీరు లంగరు తాడుకో వలకో కట్టేసి ఉంటారు. మొదటి ప్రశ్నకీ రెండో ప్రశ్నకీ తప్పు జవాబు చెప్పే వస్తువు ఇది. పడవ మీద సంచీలు తగిలించుకోవడానికి ఉంచుకోండి, నీళ్లలోకి వద్దు. మర తిప్పి మూసే రకమైతే తనంతట తెరుచుకోదు, కానీ ఇసుక పడితే అవసరానికి కూడా తెరుచుకోదు.

## రిట్రాక్టర్

ఆఫీసు ఐడీ కార్డుని లాగి చూపించి వదిలితే చటుక్కున వెనక్కి పోతుంది కదా, అదే యంత్రం, కాస్త పెద్దది. గేజ్‌ని లాగి చూసుకుని వదిలేస్తే చాలు, దాని చోటుకి అదే వెళ్తుంది. మొదటి పది డైవ్‌ల వాళ్లకి ఈ సుఖం చిన్నది కాదు, ఒప్పుకుంటాను. చెయ్యి దేన్ని ఎక్కడ తగిలించాలా అని వెతుక్కోనక్కర్లేదు.

చిక్కులు తర్వాత మొదలవుతాయి. స్ప్రింగు బలం వస్తువు బరువుకి సరిపోవాలి. తక్కువైతే వస్తువు ఎలాగూ వేలాడుతుంది, ఎక్కువైతే చదువుతున్నంత సేపూ చేతిలోంచి లాక్కుంటుంది. డబ్బా లోపలికి ఇసుక, ఉప్పు చేరి ఒకరోజు సగంలో ఆగిపోతుంది. అప్పుడు మీటరు పొడవు తీగ నీళ్లలో తేలుతూ దేనికి చుట్టుకుందామా అని చూస్తుంటుంది. వేలాడకుండా ఉంటుందని కొన్నది అన్నింటికంటే పొడుగ్గా వేలాడుతుంది. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అదీ సంగతి.

వాడాలనుకుంటే రెండు షరతులు. లాక్ ఉన్నది కొనండి. దగ్గరకు వచ్చాక బిగిసిపోయి, మీరు నొక్కితేనే సాగే రకం. తీగ స్టీలుది కాకుండా కోయగలిగే తాడున్నది చూడండి.

## స్ప్రింగు తాడు

పాత ల్యాండ్‌లైన్ ఫోను తీగలా మెలికలు తిరిగి ఉండేది. దీని ఉపయోగం దాదాపు కెమెరాకే. ముడుచుకున్నప్పుడు గుప్పెడంత, సాగితే మూర పైన. మధ్యలో నొక్కితే విడిపోయే బకిల్ ఉన్నవి మంచివి: పడవ ఎక్కేటప్పుడు బకిల్ విప్పి కెమెరాని పైకి అందించేయొచ్చు. గేజ్‌కి, టార్చికి ఇది అనవసరం. ఈదేటప్పుడు ఊగుతూనే ఉంటుంది.

## బంగీ, సైకిల్ ట్యూబు

నా ఓటు దీనికి. పాత సైకిల్ ట్యూబుని అడ్డంగా రెండు వేళ్ల వెడల్పు ముక్కలుగా కోస్తే, ప్రపంచమంతా డబ్బు పెట్టి కొనే రబ్బరు బ్యాండ్లు మీకు పంచరు షాపులో ఉచితంగా వస్తాయి. భుజం పట్టీ మీద రెండు ముక్కలు ఎక్కించి, టార్చి పీకని వాటి కిందకు దోపితే కదలదు, మోగదు, వేలాడదు. పట్టీల చివర మిగిలిన గుడ్డ ఎగిరిపడకుండా మడిచి పెట్టడానికీ ఇవే.

బంగీ తాడు ముక్కలు సాగే గుణంతో ఇదే పని చేస్తాయి. రబ్బరు ఎండకి పగుళ్లు తేలుతుంది, ప్రతి యాత్రకి ముందు లాగి చూడండి, అనుమానమైతే పారేయండి. ఒకటి గుర్తుంచుకోవాలి: రబ్బరు వస్తువుని ఒంటికి అదిమి పెడుతుంది, ఊడిపోకుండా కాపలా కాయదు. టార్చికి రబ్బరుతో పాటు బోల్ట్ స్నాప్ కూడా ఉండాలి.

## అయస్కాంతం

రెండు ముక్కలు టక్కున అతుక్కుంటాయి, గట్టిగా లాగితే విడిపోతాయి. వాడటానికి ఇంత సులువైనది లేదు. ఇబ్బందులు రెండు. దిక్సూచి దగ్గరకు వస్తే ముల్లు పక్కకి తిరుగుతుంది. అది తెలియకుండా దిక్కు పట్టుకుని ఈదితే పడవ ఒక వైపు, మీరు ఒక వైపు. రెండోది మన తీరానిది. భీమిలి వైపు నల్ల ఇసుకలో చిన్నప్పుడు అయస్కాంతం దొర్లించినవాళ్లకి చెప్పక్కర్లేదు: నల్ల రేణువులు మీసాల్లా అంటుకుంటాయి, తుడిచినా పోవు. ఆ మీసాలు మధ్యలో ఉంటే రెండు ముక్కలూ సరిగ్గా అతకవు. ఆక్టోపస్‌కి పనికొస్తుంది, దిక్సూచి ఎడమ మణికట్టున ఉంటే అయస్కాంతం కుడి వైపు పెట్టుకోండి. కెమెరాకి ఎంత మాత్రం వద్దు.

## జేబు

దీన్ని ఎవరూ పట్టించుకోరు. తొడ మీద జేబున్న షార్ట్స్ వెట్‌సూట్ మీద వేసుకుంటే బూయీ, స్పూలు, పలక, అదనపు మాస్కు అన్నీ లోపలికి పోతాయి. బయట ఒక్కటీ ఉండదు. షరతు ఒక్కటే, లోపల ఒక బంగీ వలయం ఉండాలి, ప్రతి వస్తువూ దానికి తగిలించి ఉండాలి. లేకపోతే ఒకటి తీయబోతే ఇంకోటి జారి పోతుంది. బీసీడీకి (నీళ్లలో తేలడానికి గాలి నింపుకునే జాకెట్టుకి) జేబులు ఉన్నాయి కదా అంటే, బీసీడీలో గాలి నింపగానే చాలావాటి జేబులు బిగుసుకుని చెయ్యి దూరదు.

| రకం | తనంతట ఊడుతుందా | కావాలంటే ఊడుతుందా | కోయొచ్చా | వేలాడటం | దేనికి |
|---|---|---|---|---|---|
| బోల్ట్ స్నాప్, నైలాన్ ముడితో | అరుదు | ఒంటి చేత్తో | అవును | తక్కువ | గేజ్, టార్చి, స్పూలు |
| కారబైనర్ | ఊడొచ్చు, తాళ్లను పట్టుకుంటుంది | ఒక్కోసారి | కాదు | మధ్యస్థం | పడవ మీద సంచీలకు |
| రిట్రాక్టర్, లాక్‌తో | అరుదు | అవును | తాడుదైతే | మొరాయిస్తే చాలా ఎక్కువ | కొత్తవాళ్ల గేజ్ |
| స్ప్రింగు తాడు | అరుదు | బకిల్ ఉంటే | లోపల తీగ లేకపోతే | ఎక్కువ | కెమెరా |
| బంగీ, ట్యూబు రబ్బరు | జారొచ్చు | లాగితే వస్తుంది | అవును | దాదాపు లేదు | అదిమి ఉంచడానికి |
| అయస్కాంతం | దెబ్బ తగిలితే | లాగితే వస్తుంది | అక్కర్లేదు | తక్కువ | ఆక్టోపస్ |
| జేబు, లోపల వలయంతో | లేదు | ఆలస్యంగా | అక్కర్లేదు | లేదు | బూయీ, పలక, మాస్కు |

## ఆక్టోపస్: ఇక్కడ తొందర పడొద్దు

మిగతా వాటిలో తప్పు చేస్తే డబ్బు పోతుంది. ఇందులో తప్పు చేస్తే మనిషి పోవచ్చు. గాలి అయిపోయినవాడు మర్యాదగా సైగ చేసి ఆగడు, కనిపించినదాన్ని లాక్కుంటాడు. కాబట్టి ఆక్టోపస్ గడ్డానికీ పక్కటెముకల కింది అంచులకీ మధ్య ఉండే త్రికోణంలో ఉండాలి, కళ్లకు కనబడాలి, ఒక్క లాగుకి రావాలి.

మూడు పద్ధతులు పోటీలో ఉన్నాయి. మొదటిది, పసుపు ఆక్టోపస్‌ని రబ్బరు పట్టుకో ప్లాస్టిక్ పట్టుకో అయస్కాంతానికో తగిలించి ఛాతీ మీద ఉంచడం. అద్దె సామానంతా ఇలాగే ఉంటుంది, కోర్సుల్లో నేర్పేది చాలా చోట్ల ఇదే, బడ్డీ ఎవరైనా అర్థం చేసుకుంటాడు. లోపం ఏమిటంటే ఆ పట్టు మరీ బిగుతుగానో మరీ వదులుగానో ఉంటుంది. వదులైతే ఆక్టోపస్ ఊడి వీపు వెనక్కి పోయి, నోరు ఇసుకలో పెట్టుకుని వస్తుంది. అలాంటి దాన్ని ఎవరికైనా ఇస్తే మొదటి శ్వాసకి ఇసుకే. పడవ మీదే రెండు సార్లు లాగి చూడండి.

రెండోది, అదనపు రెగ్యులేటర్‌ని బంగీ దండతో మెడలో వేసుకుని, అవసరమైతే నోట్లో ఉన్నదాన్నే ఎదుటివాడికి ఇచ్చి, మెడలోది మీరు పెట్టుకోవడం. ఫ్లోరిడా గుహల్లో డైవ్ చేసేవాళ్లు దీన్ని స్థిరపరిచారు. అక్కడి విలియం హోగార్త్ మెయిన్ అనే డైవర్ పేరు మీదే, ఒంటి మీద అనవసరమైనది ఒక్కటీ ఉంచుకోని ఈ అమరికని హోగార్తియన్ అంటారు. ఇచ్చేది పనిచేస్తోందని మీకు తెలుసు, అప్పటిదాకా దాన్నే పీలుస్తున్నారు. మెడలోది ఎక్కడికీ పోదు. దీనికి పొడుగు గొట్టం కావాలి. సముద్రంలో 150 సెంటీమీటర్లు చాలు, ఇరుకు గుహల్లో ఒకరి వెనక ఒకరు రావాలి కాబట్టి 210 వాడతారు. నేను దీనికే మారాను. కానీ ఒక ఆదివారం చూసి మారేది కాదిది. నోట్లోది తీసి ఇవ్వడం మనసుకి విరుద్ధమైన పని, కొలనులో చాలాసార్లు చేస్తే గానీ చేతికి రాదు.

మూడోది, బీసీడీలో గాలి నింపే ఇన్‌ఫ్లేటర్‌లోనే రెగ్యులేటర్ కలిసి ఉండే రకం. ఒక గొట్టం పూర్తిగా తగ్గిపోతుంది, బ్యాగు తేలికవుతుంది. పైకి వెళ్తూ అదే నోట్లో ఉండి, అందులోంచే బీసీడీ గాలి వదలాల్సి రావడం చాలామందికి గందరగోళం. సాధన లేనివాళ్లకి నేను చెప్పను.

ఏ పద్ధతైనా, ఇవ్వాల్సిన రెగ్యులేటర్‌ని నీటి అడుగున బోల్ట్ స్నాప్‌తో బిగించి ఉంచొద్దు.

## మిగతావి, త్వరగా

గేజ్‌కి బోల్ట్ స్నాప్, ఎడమ నడుము డి-రింగుకి. చూడాలంటే తీసి చూసి మళ్లీ తగిలించాలి, ఆ మూడు సెకన్ల పని విసుగనిపిస్తే రిట్రాక్టర్‌కి వెళ్లండి. సొంత సామాను ఉంటే గొట్టమే మార్చండి: 80, 90 సెంటీమీటర్ల గొట్టం పక్కకి విల్లులా వంగుతుంది, 60 ది ఒంటిని అంటుకుని ఉంటుంది. కొక్కేల మీద పెట్టే ఆలోచనలో సగం గొట్టాల మీద పెడితే సగం సమస్యలు అసలు పుట్టవు.

కత్తి పిక్కకి వద్దని ఇక నేను చెప్పక్కర్లేదు. నడుము పట్టీ మీదో ఛాతీ మీదో, రెండు చేతుల్లో ఏది ఖాళీగా ఉన్నా అందేలా పెట్టుకోండి. పొడవాటి కత్తి కంటే బ్లేడు లోపలికి ఉన్న చిన్న లైన్ కట్టర్ వలకి బాగా పనిచేస్తుంది. విమానంలో ఇది చెక్-ఇన్ బ్యాగులోకే, టార్చి విడి లిథియం బ్యాటరీలు మాత్రం చేతి సంచిలోకి. ఈ రెండూ తారుమారు చేసి విమానాశ్రయంలో నిలబడ్డవాళ్లని చూశాను.

బూయీ, స్పూలు విషయంలో ఒక హెచ్చరిక. జేబులో ఉన్నంత సేపూ రెండింటినీ తగిలించి ఉంచండి, కానీ బూయీలో గాలి నింపేటప్పుడు స్పూలుని ఒంటికి తగిలించి ఉండకండి. దారం చిక్కుపడితే బూయీ మిమ్మల్ని కూడా పైకి ఈడ్చుకుపోతుంది. చేతిలో పట్టుకుంటే వదిలేయొచ్చు. ఇక్కడ వస్తువు పోయినా ఫర్వాలేదు.

కెమెరాకి రెండు చోట్ల తగిలింపు: వాడుతున్నప్పుడు స్ప్రింగు తాడు ఒక్కటే, వాడనప్పుడు రెండో కొస కూడా బోల్ట్ స్నాప్‌తో ఛాతీకి. మణికట్టు తేలే పట్టీ స్నార్కెలింగ్‌కి బాగుంటుంది, డైవ్‌లో చేతిని అదే పనిగా పైకి లాగుతుంది.

స్నార్కెల్ మడతపెట్టేదైతే జేబులో. గట్టిదైతే, ప్రవాహం ఉన్న చోట మాస్కుని పక్కకి లాగుతుంటుంది. కోర్సులో అడిగితే తప్ప నేను తీసుకెళ్లను.

## మీరు ఎవరు అన్నదాన్ని బట్టి

కర్ణాటక తీరంలోని నేత్రానిలోనో అండమాన్‌లోని హేవ్‌లాక్‌లోనో ఒక్కసారి సరదాగా దిగేవాళ్లయితే ఏమీ కొనొద్దు. గేజ్ మీ బీసీడీకి తగిలించి ఉందా అని ఇన్‌స్ట్రక్టర్‌ని అడగండి, చాలు. కెమెరా కూడా ఆయనకే వదిలేయండి.

ఓపెన్ వాటర్ (డైవింగ్‌లో మొదటి స్థాయి) కోర్సు చేస్తూ, ఏడాదికోసారి అద్దె సామానుతో వెళ్లేవాళ్లే మనలో ఎక్కువ. అద్దె గేజ్‌కి ముళ్లు వేసి కూర్చోలేరు కాబట్టి ఇంటి దగ్గరే ఒక చిట్కా సిద్ధం చేసుకోండి. జానెడు నైలాన్ తాడుని వలయంగా ముడివేసి, దాన్ని గొట్టం చుట్టూ తిప్పి తనలోంచే తనని దూర్చి ఉచ్చులా బిగించి, ఆ కొసకి బోల్ట్ స్నాప్ తగిలించండి. పది సెకన్లలో పెట్టొచ్చు, తీయొచ్చు. ఇలాంటివి రెండు, ఒక డబుల్ ఎండర్, నాలుగు ట్యూబు ముక్కలు: సంచిలో సబ్బుపెట్టెంత చోటు. మొదటి పది డైవ్‌ల దాకా రిట్రాక్టర్ కావాలనిపిస్తే తప్పేం లేదు, లాక్ ఉన్నది తీసుకోండి.

విశాఖలో, పుదుచ్చేరిలో తరచూ దిగేవాళ్ల లెక్క వేరు. నీళ్లు ఒక్కోరోజు మసకగా ఉంటాయి, చేపల పడవలు తిరుగుతాయి, వదిలేసిన వలలు ఉంటాయి. ఇక్కడ కోయగలగడం, పొడుచుకురాకపోవడం అన్నింటికంటే పైన. రిట్రాక్టర్లు మానేయండి, రెండు లైన్ కట్టర్లు వేర్వేరు చోట్ల పెట్టుకోండి, బూయీ లేకుండా దిగకండి.

ఫొటోలు తీసేవాళ్లకి కెమెరా ఒక్కటే వేలాడే హక్కున్న వస్తువు. మిగతావన్నీ జేబులోకి. రెండు చేతులూ కెమెరాకి పోతాయి కాబట్టి గేజ్ బదులు మణికట్టు కంప్యూటర్‌కి సిలిండర్ ప్రెషర్ పంపే ట్రాన్స్‌మిటర్ వీళ్లకి నిజంగా పనికొస్తుంది, ఖరీదే అడ్డు.

సొంత బ్యాక్‌ప్లేట్ (సిలిండర్‌ని బిగించుకునే వీపు పలక) కొనే దాకా వచ్చినవాళ్లకి ఇదంతా తెలిసే ఉంటుంది. వాళ్లకి చెప్పేది ఒక్కటే: డి-రింగులు ఐదు ఉన్నాయి కదా అని ఐదూ నింపనక్కర్లేదు.

## తిరిగొచ్చాక

మంచినీళ్లలో నానబెట్టి, నీళ్లలోనే ప్రతి స్నాప్ బొడిపెనీ పదిసార్లు అటూ ఇటూ జరపండి. ఉప్పు స్ప్రింగు లోపల ఉంటుంది, పైన పోసిన నీళ్లు అక్కడికి వెళ్లవు. హైదరాబాద్‌లో చాలా ఇళ్లలో బోరు నీళ్లే. వాటితో కడిగి ఆరబెడితే సముద్రం ఉప్పు పోయి బోరు సున్నం తెల్లగా పట్టుకుంటుంది. ఆఖరి తడుపు మున్సిపల్ నీళ్లతోనో ఫిల్టర్ వదిలేసే నీళ్లు కాకుండా ఫిల్టర్ అయిన నీళ్లతోనో చేయండి. రిట్రాక్టర్‌ని తాడు పూర్తిగా లాగి నానబెట్టాలి. ఆరేది నీడలో. నైలాన్ ముళ్లు పీచు లేచినట్టు కనిపిస్తే కోసేసి కొత్తవి కట్టండి, ఆ తాడు గజం ధర టీ ఖర్చు కూడా కాదు.